పాతిక గజాల గురి

(సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా మన పాఠశాల ఆవరణలో జరిగిన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకి పనికొచ్చే సైన్సు విషయం ఏదైనా చెప్పు, అరగంట దాటకు" అన్నారు. నేను పనిచేసేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, కార్ల విడిభాగాలు తయారుచేసే చోట. కాబట్టి కార్ల గురించి చెబుతాననుకున్నారు. వేట తుపాకి మీద బిగించే దుర్బీను గురించి, దగ్గర దూరంలో దాని గురి సరిచేయడం గురించి చెబుతానన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. "బళ్లో తుపాకులేంటయ్యా?" అన్నారు. తుపాకి తేను, రెండు దారపు ఉండలు మాత్రం తెస్తానని చెప్పి ఒప్పించాను. ఆ దారాలు మీ ఎడమ పక్క గోడ మీద ఉన్నాయి. కొత్త సున్నం పాడవకుండా మేకులు కొట్టకుండా టేపుతో అంటించాం. వాటి సంగతి తర్వాత.

నిజానికి తుపాకి ఈ బడికి కొత్త కాదు. మా రోజుల్లో ఎన్.సి.సి.లో ఉన్నవాళ్లను క్యాంపుకి తీసుకెళ్లి పాయింట్ 22 రైఫిల్‌తో కాల్పించేవారు. దూరం 25 గజాలు. నేను తొమ్మిదో తరగతి. బోర్లా పడుకుని అయిదు తూటాలు కాల్చాను. కాగితం దగ్గరికి వెళ్లి చూస్తే అరచెయ్యంత మేర అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి, ఎక్కువ ఎడం పక్కకి. "సార్, ఈ రైఫిల్ ఎడమకి లాగుతోంది, సైటు కొంచెం కుడికి జరపమనండి" అన్నాను. మా ఎన్.సి.సి. సార్ నవ్వలేదు, తిట్టలేదు. "ముందు అయిదూ ఒకచోట పడనీరా. చెల్లాచెదురుగా పడ్డవాటికి సైటు ఏ పక్కకి తిప్పమంటావు?" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది సగమే. మిగతా సగం అర్థం కావడానికి పాతికేళ్లు పట్టింది, ఒక జింక కూడా పోయింది.

పిల్లలకు ముందు ఒక మాట. మన దేశంలో 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. జింక మీద రాయి విసరడం కూడా తగదు. మిషిగన్‌లో సంగతి వేరు. అక్కడ తెల్లతోక జింకలు లెక్కకు మించి ఉంటాయి, రాత్రిళ్లు రోడ్ల మీద కార్లకు అడ్డం పడతాయి, పొలాలు మేస్తాయి. లైసెన్సు కొనుక్కున్నవాళ్లు ఏటా నవంబర్ 15 నుంచి 30 దాకా తుపాకితో వేటాడవచ్చు. లైసెన్సు డబ్బులూ, 1937 చట్టం కింద తుపాకుల మీదా తూటాల మీదా వేసే ప్రత్యేక పన్నూ వన్యప్రాణుల సంరక్షణకే వెళతాయి. కొట్టిన జింకను ఇంట్లో వండుకుంటారు, ఇరుగుపొరుగుకి పంచుతారు. నవంబర్ 15 అక్కడ చిన్నపాటి సంక్రాంతి. మా ఫ్యాక్టరీలో ఆ రోజు సగం మంది కనపడరు. నేను అప్పుడూ వేటగాణ్ణి కాను, ఇప్పుడూ కాను. కానీ లెక్కలు చేసేవాణ్ణి. ఆ లెక్క గురించే ఇవాళ చెప్పాలని వచ్చాను.

రైఫిల్ మీద స్కోపు బిగిస్తారు. స్కోపు అంటే చిన్న దుర్బీను. అందులోంచి చూస్తే సన్నటి ప్లస్ గుర్తు కనపడుతుంది. ఆ గుర్తు దేని మీద ఉంటే తూటా అక్కడ పడాలి. చెప్పడానికి తేలిక. చిక్కేమిటంటే స్కోపు తుపాకి గొట్టంలో ఉండదు, గొట్టం పైన ఉంటుంది. మామూలుగా గొట్టం మధ్య నుంచి స్కోపు మధ్యకి అంగుళంన్నర ఎత్తు. అంటే మన చూపు బయలుదేరేది ఒక చోటి నుంచి, తూటా బయలుదేరేది దానికి అంగుళంన్నర కింద నుంచి.

చూపు తిన్నగా పోతుంది. తూటా తిన్నగా పోదు. గొట్టం వదిలిన క్షణం నుంచీ భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. మన లెక్కల మాస్టారు బల్ల అంచు నుంచి గోళీని దొర్లించి పరావలయం చూపించారు, గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. ఆ గోళీకీ రైఫిల్ తూటాకీ తేడా వేగం ఒక్కటే. ఇంకా గాలి అడ్డు ఉంది, ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం. పాయింట్ 308 వించెస్టర్ అనే రకం అక్కడ జింకల వేటకు బాగా వాడతారు. 150 గ్రెయిన్ల తూటా సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 25 గజాలు చేరేసరికి అంగుళంలో ఏడో వంతు మాత్రమే కిందికి జారుతుంది. 100 గజాలకు దాదాపు రెండున్నర అంగుళాలు, 200 గజాలకు పది అంగుళాలు. దూరం రెట్టింపైతే జారుడు నాలుగు రెట్లు. మాస్టారు చెప్పిందే.

అందుకని గొట్టాన్ని చూపు రేఖకు కొద్దిగా పైకి వంచి ఉంచుతారు. కంటికి తెలియనంత కొద్దిగా. అప్పుడు తూటా చూపు రేఖకు కింద నుంచి బయలుదేరి, పైకి వెళుతూ దాన్ని ఒకసారి దాటుతుంది, కొంత దూరం పైన ప్రయాణించి, మళ్లీ కిందికి దిగుతూ రెండోసారి దాటుతుంది. వేటగాళ్లు వాడుకునే చిట్కా ఇదే. అంగుళంన్నర ఎత్తున్న స్కోపుతో 25 గజాల దగ్గర ప్లస్ గుర్తు ఉన్నచోటే తూటా పడేట్టు సరిచేస్తే, ఈ రకం తూటా రెండోసారి చూపు రేఖను దాటేది సుమారు 225 గజాల దగ్గర. మధ్యలో ఎక్కడా మూడు అంగుళాలకు మించి పైకి పోదు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది, పది అంగుళాల వెడల్పు ఉంటుంది. మధ్యకి గురిపెడితే మూడు అంగుళాలు పైన తగిలినా లోపలే. కాబట్టి దూరం అంచనా వెయ్యకుండానే 225 గజాల దాకా కాల్చవచ్చు. అమెరికా సైన్యం కూడా ఎం16 రైఫిళ్లను 25 మీటర్ల దగ్గర సరిచేసి 300 మీటర్ల గురికి వాడేది.

నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. పెరట్లో పాతిక గజాలు చాలు, రెండు వందల గజాల పని అయిపోతుంది! ఇంజనీరుకి ఇంతకంటే తీపి మాట ఉండదు.

మా టూల్ రూమ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. అచ్చులు చెక్కడంలో ఆయన చేతిని మించిన చెయ్యి నేను చూడలేదు. వెయ్యోవంతు అంగుళం తేడాని గోటితో తడిమి చెప్పేవారు. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ఆ ఏడు పుట్టినరోజుకి కొడుకు ఆయనకి కొత్త స్కోపు కొనిచ్చాడు, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు ఉన్న పెద్దది. సంజవేళ వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు బాగా కనపడుతుందని. గ్రేలింగ్ ఊరి పక్క అడవిలో ఆయన తమ్ముడి చెక్క ఇల్లు ఉంది. "వేటాడకపోయినా చలిమంట దగ్గర కూర్చుందువుగాని రా" అంటే నేనూ వెళ్లాను. నవంబర్ 14 మధ్యాహ్నం దాటాక చేరాం. ఆ నెలలో అక్కడ తొందరగా చీకటి పడుతుంది. ఇంటి వెనక ఇసుక దిబ్బ ఉంది, దానికి ఎదురుగా నిలబడి కాల్చడానికి ఖాళీ జాగా పాతిక గజాలే. ఆ తర్వాత చెట్లు. వంద గజాల రేంజి ఊరవతల ఉంది, వేటకు ముందురోజు కాబట్టి అక్కడ బారులు.

"రేంజికి పోవాలి" అన్నారాయన. "అక్కర్లేదు, ఇక్కడే చేసేద్దాం, లెక్క నేను చెబుతాను" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పని ఎలా చేశామో చెబుతాను, ఎందుకంటే పద్ధతి తప్పు కాదు. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా కూర్చోబెట్టాం. బోల్టు బయటికి తీసేశాం. వెనక నుంచి గొట్టంలోకి చూస్తే అవతల దిబ్బ మీద కాగితం చిన్న గుండ్రటి బిళ్లలా కనపడుతుంది. కాగితం మధ్య చుక్క గొట్టం మధ్యకు వచ్చేట్టు రైఫిల్ జరిపాం. ఇక దాన్ని ముట్టుకోకుండా, స్కోపు మీద ఉన్న రెండు బిళ్లలు తిప్పుతూ ప్లస్ గుర్తుని అదే చుక్క మీదికి తెచ్చాం. ఒక్క తూటా ఖర్చు కాకుండానే సగం పని అయింది. మొదటి గుండు కాగితం మీదే పడుతుంది. ఇది చెయ్యకుండా నేరుగా వంద గజాల దగ్గర మొదలుపెట్టినవాళ్లు కాగితం మీద ఒక్క చిల్లు కూడా పడక పెట్టె తూటాలు పారబోసుకోవడం నేను తర్వాత చాలాసార్లు చూశాను. దగ్గర దూరం గొప్పదనం ఇదే.

తర్వాత మూడు కాల్చారు. మూడూ ఒకదాన్నొకటి తింటూ ఒక్క చిల్లులా పడ్డాయి, గురికి అంగుళం కింద. ఎన్.సి.సి. సార్ ఉంటే మెచ్చుకునేవారు. ఇక పైకి జరపాలి. స్కోపు బిళ్ల తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఒక్కో క్లిక్కుకి కోణంలో పావు నిమిషం మారుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం. మీ త్రికోణమితి పట్టికలో ఒక నిమిషానికి టాంజెంటు 0.00029 అని ఉంటుంది. వంద గజాలంటే 3,600 అంగుళాలు, గుణిస్తే 1.044. అంటే వంద గజాల దగ్గర నిమిషానికి అంగుళం పైచిలుకు, క్లిక్కుకి పావు అంగుళం. కానీ పాతిక గజాల దగ్గర క్లిక్కుకి పావు అంగుళం కాదు, అందులో నాలుగో వంతు, అంగుళంలో పదహారో వంతు. అంగుళం జరపాలంటే పదహారు క్లిక్కులు. డబ్బా మీద "క్లిక్కుకి పావు అంగుళం" అని చదివి నాలుగు తిప్పి ఊరుకునేవాళ్లు బోలెడు. నేను ఆ తప్పు చెయ్యలేదు. పదహారు తిప్పించాను. చిన్న తప్పులు పట్టుకున్న ధీమాతోనే పెద్దది వదిలేశాను.

మళ్లీ మూడు. ఈసారి చిల్లు గురికి పావు అంగుళం పైన. ఆయన నాలుగు క్లిక్కులు దించబోతే, "పావు అంగుళానికి ఏమిటండీ" అన్నాను. వెలుతురు పోతోంది. తూటాలు మిగుల్చుకోవాలి. ఆయన నా మొహంలోకి చూసి, సరేనని రైఫిల్ సంచిలో పెట్టారు.

తెల్లారి ఇద్దరం నారింజ రంగు కోట్లు వేసుకుని ఒక బీడు అంచున చెక్క మాటులో కూర్చున్నాం. ఏడున్నర దాటాక అవతలి చెట్లలోంచి ఒక మగజింక బయటికొచ్చింది. దూరం కొలిచే యంత్రంలో 150 గజాలు అని చూపించింది. పక్కకి తిరిగి, తలవంచి మేస్తోంది. ఆయన తొందరపడలేదు. ఊపిరి సగం వదిలి కాల్చారు. జింక కాళ్లు విరిగినట్టు దబ్బున కూలిపోయింది. నేను లేవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన మొహంలో సంతోషం లేదు. అలా ఒక్కసారిగా కూలడం మంచి గుర్తు కాదని ఆయనకి తెలుసు. పది సెకన్లు గడిచాయో లేదో జింక లేచింది, తూలింది, చెట్లలోకి పరుగెత్తింది. రెండోసారి కాల్చే వీలు రాలేదు.

అరగంట ఆగి వెళ్లి చూశాం. పడినచోట గుప్పెడు వెంట్రుకలు, ముదురు రంగువి, గరుకైనవి. వీపు మీది వెంట్రుకలు అవి. నెత్తురు చుక్కలు చుక్కలుగా. ఆయన నేల మీద మోకాళ్లూని ఒక్కొక్క ఆకూ తిప్పి చూస్తూ పోయారు. మంచు కురిసి ఉంటే జాడ తేలిగ్గా దొరికేది. రాలిన ఆకుల్లో ఎర్రటి ఆకు ఏదో, నెత్తురు ఏదో తెలియదు. మధ్యాహ్నానికి దేవదారు బురదనేలలోకి చేరాం. అక్కడ చుక్కలు ఆగిపోయాయి. చీకటి పడేదాకా వెతికాం. తమ్ముడూ, పక్కింటాయనా టార్చిలైట్లతో వచ్చారు. మర్నాడు పొద్దున్నా వెతికాం. దొరకలేదు.

ఆ రెండు రోజుల్లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రెండో రోజు మధ్యాహ్నం కాఫీ పోసిస్తూ మాత్రం అడిగారు: "నీ లెక్కలో స్కోపు ఎత్తు ఎంత వేశావు?"

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. అంగుళంన్నర వేశాను. ఎందుకు వేశాను? తూటాల పెట్టెలతో ఇచ్చే పట్టికలన్నింటిలో అంగుళంన్నరే ఉంటుంది కాబట్టి. కొలిచానా? లేదు. రోజంతా వెర్నియర్ కాలిపర్ చేతిలో పట్టుకుని బతికేవాణ్ణి, ఒక్క కొలత తీసుకోలేదు. ముందు అద్దం అంత పెద్దదైతే అది గొట్టానికి తగలకుండా ఉండాలి, అందుకు స్కోపుని ఎత్తయిన రింగుల్లో బిగిస్తారు. ఆ సాయంత్రమే కొలిచాం. సరిగ్గా రెండు అంగుళాలు.

అర అంగుళమే కదా అనిపిస్తుంది. ఇప్పుడు గోడ మీది దారాలు చూడండి. అడ్డంగా ఒక అడుగంటే పది గజాలు. నిలువు కొలత మాత్రం అంగుళానికి అంగుళమే. నల్లటి గీత చూపు రేఖ. తెల్లదారం నేను లెక్క వేసిన తూటా దారి: ఎడమ చివర అంగుళంన్నర కింద మొదలై, రెండున్నర అడుగుల దగ్గర గీతను దాటి, పదిహేను అడుగుల దగ్గర మూడు అంగుళాలు పైన ఉంది. ఎర్రదారం అసలు తూటా దారి. అది రెండు అంగుళాల కింద మొదలైంది. అదే రెండున్నర అడుగుల దగ్గరే గీతను దాటాలి. అంత కింద నుంచి బయలుదేరి అంత తొందరగా దాటాలంటే ఏటవాలుగా ఎక్కాలి. ఎక్కింది. ఎక్కుతూనే పోయింది. పదిహేను అడుగుల దగ్గర, అంటే 150 గజాల దగ్గర, అయిదున్నర అంగుళాల పైన ఉంది చూడండి.

దీనికి నేను "ఏమిటండీ" అన్న పావు అంగుళం కలపండి. పాతిక గజాల దగ్గర పావు అంగుళమంటే 150 గజాల దగ్గర దానికి ఆరు రెట్లు, అంగుళంన్నర. మొత్తం ఏడు అంగుళాలు. ఊపిరితిత్తుల మధ్యకి గురిపెడితే తూటా వెన్నెముక మీదుగా కండ చీల్చుకుంటూ పోయింది. వెన్నుకి అదురు తగిలి జింక కూలింది, అదురు తగ్గాక లేచింది.

ఇల్లు కట్టించినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. పునాది మూలలో తాపీమేస్త్రి మూలమట్టం పెట్టి దారం లాగుతాడు. అక్కడ నూలుపోగంత తేడా వస్తే, నలభై అడుగుల అవతల గోడ పక్కింటివాడి స్థలంలో లేస్తుంది. అందుకే మంచి మేస్త్రి మూలలో చూసి ఊరుకోడు, అవతలి చివరకి నడిచివెళ్లి టేపు పెడతాడు. మా నాన్నగారు ఇల్లు కట్టించినప్పుడు నేను ఆ టేపు రెండో చివర పట్టుకున్నవాణ్ణే.

దగ్గర దూరంలో ఇంకో మోసం ఉంది, అది ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఇలాంటి వేట స్కోపుల్లో చాలావాటిని వంద గజాల దూరానికి అమర్చి పంపుతారు. ఆ దూరంలో ఉన్న వస్తువు బింబమూ, ప్లస్ గుర్తూ స్కోపు లోపల ఒకే తలంలో ఉంటాయి. పాతిక గజాల వస్తువు బింబం వేరే తలంలో పడుతుంది. అప్పుడు కన్ను కాస్త పక్కకి జరిగితే ప్లస్ గుర్తు కాగితం మీద జరిగినట్టు కనపడుతుంది, రైఫిల్ కదలకపోయినా. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి స్తంభాలు దూరపు కొండ మీద నుంచి జారిపోయినట్టు. దృష్టిభ్రంశం అని మన పుస్తకాల్లో ఉండేది. కన్ను సరిగ్గా మధ్యలో పెట్టకపోతే పాతిక గజాల దగ్గర పావు అంగుళం తేడా రావడం కష్టమేమీ కాదు. అంటే ఆ రోజు నేను వదిలేసిన పావు అంగుళం నిజంగా పావు అంగుళమో, ఎక్కువో, అసలు లేనే లేదో కూడా పాతిక గజాల దగ్గర కూర్చుని చెప్పలేం.

ఒలింపిక్స్ చూసే పిల్లలు అడగవచ్చు: మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చింది పది మీటర్ల పోటీలోనే కదా, అది ఇంకా దగ్గర కదా అని. నిజమే. పైగా అక్కడ పదికి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. కానీ వాళ్లు సరిచేసుకునేదీ పది మీటర్లలోనే, కాల్చేదీ పది మీటర్లలోనే. స్కోపూ వాడరు. ఒకచోట సరిచేసి ఇంకోచోట కాల్చే బెడద వాళ్లకు లేదు.

మళ్లీ గ్రేలింగ్‌కి వస్తాను. మూడో రోజు రేంజికి వెళ్లాం. అప్పటికి బారులు తగ్గాయి. వంద గజాల దగ్గర కాగితం పెట్టి ఆయన మూడు కాల్చారు. నేను దుర్బీనులో చూశాను. మూడూ రూపాయి బిళ్లంత జాగాలో, గురికి అయిదు అంగుళాల పైన. కాగితం తెచ్చి బల్ల మీద పరిచి స్కేలు పెట్టాం. రెండు అంగుళాల ఎత్తుతో లెక్క మళ్లీ వేస్తే నాలుగు అంగుళాల చిల్లర వచ్చింది, పావు అంగుళం నాలుగు రెట్లయి ఇంకో అంగుళం. లెక్క సరిపోయింది. ఎంత సరిపోయిందంటే నాకు సిగ్గేసింది. లెక్క తప్పు కాదు, నేను దానికి పెట్టిన మేత తప్పు. ఒక్క కాగితం ఇంకో డెబ్బయ్యయిదు గజాల అవతల పెట్టి ఉంటే పది నిమిషాల్లో బయటపడేది.

పన్నెండు క్లిక్కులు దించాం. మళ్లీ మూడు కాల్చారు. ఈసారి రెండు అంగుళాల పైన పడ్డాయి, మాకు కావలసింది అంతే. తర్వాత ఆయన కాగితాన్ని 200 గజాల దగ్గరికి మార్పించారు. అక్కడ ముప్పావు అంగుళం పైన. చివరికి నా ముచ్చట తీర్చడానికన్నట్టు పాతిక గజాల దగ్గర కూడా ఒకటి కాల్చారు. ప్లస్ గుర్తుకి అర అంగుళం కింద పడింది. సరైన గురి ఉన్న ఆ రైఫిల్, పాతిక గజాల దగ్గర తప్పుగా కనపడాలి. ఆ రోజు దిబ్బ దగ్గర మేము దాన్ని "సరిచేసి" తప్పించాం.

ఇంజనీర్లుగా బతుకుతున్న నా మిత్రులు ఈ సభలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక సంగతి చెబుతాను, నవ్వకండి. ఆ తర్వాత నా కింద పనిచేసే కుర్రాళ్లు కంప్యూటర్లో ఏదైనా లెక్క చేసి తెస్తే నేను ఫలితం ముందు చూడను. ఏ అంకె కొలిచారు, ఏ అంకె పట్టికలోంచి తీసుకున్నారు అని అడుగుతాను. పట్టికలోంచి తీసుకున్నదాని కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తాను. కుర్రాళ్లు నా వెనక "ఎర్ర పెన్సిల్" అని పేరు పెట్టారట. వాళ్లకు ఆ జింక సంగతి చెప్పలేదు. ఇవాళ ఇక్కడ చెబుతున్నాను.

ఆ పెద్దాయన రెండేళ్ల తర్వాత రిటైరయ్యారు. ఏటా నవంబర్ మొదటి వారంలో ఫోన్ చేసేవారు, "రేంజికి పోదాం, స్కేలు తెచ్చుకో" అని. వెళ్లేవాణ్ణి. గురి ఎప్పుడూ ముందు ఏడాది వదిలినచోటే ఉండేది. అయినా మూడు కాల్చి, కాగితం తెచ్చి, కొలిచి, తేదీ వేసి మడిచి జేబులో పెట్టుకునేవారు. దొరకని జింక గురించి ఇద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. భోజనాల గంట కొట్టాక పిల్లలు ఆ గోడ దగ్గరికి రండి. టేపూ, మూడో దారమూ అక్కడే పెట్టాను, పచ్చదారం. రెండు అంగుళాల ఎత్తున్న స్కోపుకి వంద గజాల దగ్గర రెండు అంగుళాలు పైన పడేట్టు చేస్తే తూటా ఏ దారిన పోతుందో మీరే కొలిచి అంటించాలి. అంకెలన్నీ చీటీ మీద రాసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది మీరు కొలుచుకోవాల్సిందే. స్కోపు బదులు అట్టతో చేసిన గొట్టం బల్ల మీద పెట్టాను, ఎత్తెంతో కొలిచి చూడండి.